ఇంజక్షన్ ఆపావు సరే, తర్వాత?

ప్రశ్న: అక్కా, నేను కోనసీమలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డ ఒకాయనకి మోకాలి కింద ఎముకలు విరిగితే మా దగ్గర రాడ్డు వేశారు. నొప్పికి ఆరు గంటలకోసారి మార్ఫిన్ ఇంజక్షన్ రాశారు. రాత్రి 2 గంటల డోసు నేనివ్వాలి. వెళ్లేసరికి పెద్దగా గురక పెడుతున్నాడు. పిలిస్తే కళ్లు తెరిచి, మాట మధ్యలోనే మళ్లీ మూసేస్తున్నాడు. ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 8. ఆక్సిజన్ పెట్టి ఉంది కాబట్టి సాచురేషన్ 97 చూపిస్తోంది. పడుకునే ముందు నిద్రమాత్ర ఒకటి తామే వేశామని వాళ్లావిడ అప్పుడు చెప్పింది. ఇంజక్షన్ ఇవ్వకుండా డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేశాను. "ఆపు, చూస్తుండు" అన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఆయన లేచి నొప్పితో కేకలు పెట్టాడు. మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. భయమేసి ఏమీ ఇవ్వలేదు. ఏడింటికి రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు చూసి ఇప్పించారు. బంధువులు నా మీద పెద్ద గొడవ చేశారు. ఇన్‌చార్జి సిస్టర్ కూడా "ఆర్డరుంది కదా, ఇచ్చేస్తే నీకీ తంటా ఉండేది కాదు" అన్నారు.

అప్పట్నుంచీ మార్ఫిన్ అంటేనే టెన్షన్. పోయిన వారం నోటి క్యాన్సరున్న ఒక మామ్మగారికి రాత్రి పది గంటల మాత్ర, రెండు గంటల మాత్ర రెండూ ఆపేశాను. మత్తుగా ఉందనిపించింది. నిజానికి పిలిస్తే పలికింది, ఊపిరి 14 ఉంది. ఎందుకైనా మంచిదని ఆపేశాను. పొద్దున్న వాళ్లబ్బాయి గొడవేం చెయ్యలేదు. "మా అమ్మ రాత్రంతా మంచం పట్టె పట్టుకుని కూర్చునే ఉందండి" అన్నాడంతే. మొదటివాళ్లు తిట్టిన తిట్లు మర్చిపోయానుగానీ ఈ మాట నన్ను వదలడం లేదు. నేను చేసింది తప్పా? ఈ ఉద్యోగానికి నేను పనికిరానా?

సమాధానం: చెల్లీ, మొదటి రాత్రి 2 గంటలకి నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని. నాలుగున్నర నుంచి ఏడు దాకా జరిగింది సరికాదు, కానీ ఆ తప్పు నీ ఒక్కదానిదీ కాదు. మామ్మగారి విషయంలో మాత్రం తప్పే చేశావు. నిన్ను ఊరడించడానికి ఈ మాట దాచొచ్చు. కానీ ఊరడింపు కోసం నువ్వు రాయలేదని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది.

ముందు ఆ దింపు తీసే ఆయన సంగతి చూద్దాం. మార్ఫిన్ ఎక్కువైన మనిషిలో సాధారణంగా ముందు తగ్గేది మెలకువ. ఊపిరి తగ్గడం ఆ తర్వాత. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఊపిరి తీసుకోమని మెదడు కింది భాగం తొందరపెడుతుంది. ఆ తొందరని మార్ఫిన్ మందగింపజేస్తుంది. మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడు, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. ఇక ఆ గురక. పక్కనున్నవాళ్లు "హాయిగా గుర్రుపెట్టి పడుకున్నాడు, పాపం ఇన్నాళ్లకి" అనుకుంటారు. మార్ఫిన్ ఎక్కిన మనిషి గురక పెడుతున్నాడంటే నాలుక వెనక్కి జారి గొంతు సగం మూసుకుపోతోందేమో అని మనం అనుమానించాలి. నువ్వు అనుమానించావు. గురక వింటూ వెనక్కి వెళ్లిపోకుండా పిలిచి చూశావు, మాట పూర్తి చేస్తాడో లేదో గమనించావు. క్రిస్ పాసెరో అనే నర్సు తయారుచేసిన మత్తు స్కేలు ఒకటుంది, చాలా ఆసుపత్రుల్లో వాడతారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతే దాని ప్రకారం 3. మూడుంటే తర్వాతి డోసు అలాగే ఇవ్వకూడదు, డాక్టరుకి చెప్పి తగ్గించాలి. కదిపినా పలక్కపోతే 4, అది ఎమర్జెన్సీ.

నాకు ఇంకా నచ్చింది, సాచురేషన్ 97 చూసి నువ్వు మోసపోకపోవడం. ఆక్సిజన్ పెట్టిన మనిషికి ఊపిరి బాగా తగ్గాక కూడా ఆ అంకె చాలాసేపు బాగానే కనిపిస్తుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతున్న సంగతి వేలికి పెట్టిన ఆ క్లిప్పుకి తెలియదు. ఛాతీ మీద చూపు పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టడమే దారి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఇక్కడ పనికిరాదు. ఊపిరి ఆగి ఆగి వచ్చే మనిషిలో ఆ పదిహేను సెకన్లలో ఏ భాగం పడుతుందో ఎవరికి తెలుసు?

నిద్రమాత్ర సంగతి. అల్ప్రాజోలంలాంటివి మన ఊళ్లలో చీటీ లేకుండా ఎంత సులువుగా దొరుకుతాయో నీకు తెలుసు. మార్ఫిన్, ఈ మాత్రలు కలిస్తే ప్రాణం మీదకి రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో రెండు రకాల మందుల మీదా అతి తీవ్రమైన హెచ్చరిక ముద్రింపించింది. ఆ భార్యని తప్పుపట్టొద్దు, భర్త నిద్రపోవాలనే వేసింది. కానీ ఇకనుంచి ప్రతి సాయంత్రం మొదటి డోసుకి ముందే అడుగు: "ఇంటినుంచి తెచ్చిన మాత్రలేమైనా వేశారా అండి? రోజూ కల్లుగానీ మందుగానీ తాగే అలవాటుందా?" కసురుకున్నట్టు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. అందరినీ అడిగే ప్రశ్నే అన్నట్టు అడిగితే చెప్పేస్తారు. తాగుడు సంగతి ఎందుకంటే, రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరి హఠాత్తుగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, కలవరం మొదలవ్వొచ్చు. దాన్ని నొప్పి అనుకుని మార్ఫిన్ పెంచినా ప్రమాదమే, మత్తు అనుకుని వదిలేసినా ప్రమాదమే.

"ఆర్డరుంది కదా" అన్న మాటకి సమాధానం ఇదీ. డాక్టరు ఆ ఆర్డరు రాసింది సాయంత్రం తాను చూసిన మనిషికి. రాత్రి 2 గంటలకి మంచం మీదున్న మనిషిని చూసింది నువ్వు. ఇచ్చాక ఊపిరి ఆగిపోయి ఉంటే "ఆర్డరుంది" అన్న ముక్క ఆయన్నీ కాపాడేది కాదు, నిన్నూ కాపాడేది కాదు. ఆపి, వెంటనే డాక్టరుకి చెప్పడం నర్సు బాధ్యతలో భాగం. చెప్పకుండా ఆపడం, సొంతంగా డోసు మార్చడం మాత్రం మన పని కాదు. ఆ రాత్రి నువ్వు హద్దులోనే ఉన్నావు.

ఒక్కటి చూసుకో. మీ వార్డు ఎమర్జెన్సీ ట్రేలో నలాక్సోన్ ఉందా? డేటు అయిపోలేదు కదా? మార్ఫిన్‌కి విరుగుడు అదే. అది ఇచ్చాక పేషెంటు కళ్లు తెరిచాడని ఊపిరి పీల్చుకుని వెళ్లిపోకూడదు. నలాక్సోన్ పని గంటలోపే తగ్గిపోవచ్చు, మార్ఫిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది, మళ్లీ మత్తు కమ్ముతుంది. అందుకే కొద్దికొద్దిగా ఇస్తూ ఊపిరి చూసుకోమంటారు. ఒక్కసారిగా ఇచ్చేస్తే నొప్పి మొత్తం ఒక్క పెట్టున తిరిగొస్తుంది.

ఇక నాలుగున్నర. అసలు సంగతి ఇక్కడుంది. కాలవ లాకు తలుపు దించిన లస్కరు (లాకు కాపలాదారు) ఇంటికెళ్లి పడుకోడు. నీటిమట్టం చూస్తూ అక్కడే ఉంటాడు, ఎప్పుడు ఎత్తాలో చూసుకోవడమూ అతని పనే. ఇంజక్షన్ ఆపిన నర్సు కూడా అంతే. రెండు గంటలకి ఏ కారణంతో ఆపావో ఆ కారణం నాలుగున్నరకి పోయింది. మనిషి తనంతట తాను లేచాడు, మాట్లాడుతున్నాడు, ఊపిరి పెరిగింది. అప్పుడు మళ్లీ లెక్కపెట్టి, మళ్లీ ఫోన్ చేసి, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరికి చెయ్యాలి. డ్యూటీ డాక్టరు పలక్కపోతే మత్తు డాక్టరుగారు, ఆయనా కాకపోతే ఆపరేషన్ చేసిన సర్జనుగారు. నిద్ర లేపితే తిడతారేమో. తిట్టనీ. "ఇవ్వమంటారా సార్?" అని అడగొద్దు. "సార్, రెండింటికి ఊపిరి 8 ఉంటే ఆపాం. ఇప్పుడు 18, పూర్తి మెలకువలో ఉన్నాడు, నొప్పి పదికి తొమ్మిది చెబుతున్నాడు. సగం డోసు ఇచ్చి పక్కనే ఉండి చూడమంటారా? లేదా పారాసెటమాల్ డ్రిప్ పెట్టమంటారా?" అని చెప్పు. నిద్రలో ఉన్న డాక్టరు కూడా అలా చెబితే అరనిమిషంలో నిర్ణయం చెప్పగలడు. పారాసెటమాల్ మత్తు పెట్టదు, ఊపిరిని తగ్గించదు. పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద 4 గ్రాములు మించకూడదు. బాగా తాగేవాళ్లకీ బక్కపల్చటివాళ్లకీ ఇంకా తక్కువ.

డాక్టరు దొరికేలోపు చెయ్యాల్సింది ఇంకొకటుంది. ఇది ఒక్కటే గుర్తుంచుకున్నా చాలు. మోకాలి కింద ఎముకలు విరిగి రాడ్డు పడ్డ మనిషి హఠాత్తుగా భరించలేనంత నొప్పి అంటే, మందు ప్రశ్న పక్కన పెట్టి కాలు చూడాలి. దుప్పటి తీసి లైటు వెయ్యి. పిక్క రాయిలా గట్టిపడిందా, కాలివేళ్లని నువ్వు మెల్లగా పైకి వంచితే ప్రాణం పోయినట్టు అరుస్తున్నాడా, వేళ్ల సందున తిమ్మిరి అంటున్నాడా? అయితే కండరాల అరల్లో వాపు ఒత్తిడి పెరిగి రక్తం ఆడకపోవడం కావచ్చు. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. కట్టు బిగుతు వెంటనే వదులు చేయించాలి, సర్జన్ని అక్కడికక్కడే రప్పించాలి. గంటలు గడిస్తే కాలు దక్కకపోవచ్చు. అలాంటప్పుడు నొప్పి మనకి కబురు చెబుతోంది. ఏడు దాకా ఊరుకున్నందుకు నాకు కలిగిన ఆందోళన అందుకే. ఆయన కాలు బాగానే ఉందని నీ ఉత్తరం ధోరణి చూసి అనుకుంటున్నాను, అంతే. పొత్తికడుపు కూడా తడిమి చూడు. నడుముకి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశాక, పైన మార్ఫిన్ పడ్డాక మూత్రం బిగుసుకుపోవడం మగవాళ్లలో మామూలే. చెప్పుకోలేక దొర్లుతుంటారు. గొట్టం వేసి మూత్రం తీయించగానే సగం గోల తగ్గిన పేషెంట్లని నేను చాలామందిని చూశాను.

బంధువుల గొడవకి కారణం ఇంజక్షన్ ఆపడం కాదనే నా నమ్మకం. ఎందుకు ఆపావో, ఎప్పటిదాకా ఆపావో వాళ్లకి తెలియదు. మన గోదావరి జిల్లాల వాళ్లు అడిగేటప్పుడు గట్టిగానే అడుగుతారు, విషయం చెబితే అంత త్వరగానూ చల్లబడతారు. రెండు గంటలకే ఆ భార్యని మంచం దగ్గరికి పిలిచి, ఆయన ఛాతీ మీద ఆమె చెయ్యి పెట్టించి, "ఇదిగో అమ్మా, ఊపిరి ఎంత నెమ్మదిగా వస్తోందో చూడండి. ఇప్పుడు ఇస్తే ఇది ఆగిపోవచ్చు. నేను పావుగంటకోసారి వస్తాను. లేచి నొప్పి అంటే వెంటనే నన్ను పిలవండి, అప్పుడు డాక్టరుగారితో మాట్లాడి ఏదో ఒకటి ఇప్పిస్తాను" అని ఉంటే, పొద్దున్న నీ తరఫున మాట్లాడేది ఆమే. అయితే చెప్పినట్టు పావుగంటకి వెళ్లాలి. ఇంకో మంచం దగ్గర పనుంటే అటెండరునైనా పంపాలి.

కేస్ షీట్‌లో ఏం రాశావో ఉత్తరంలో లేదు. "పేషెంట్ నిద్రపోతున్నారు, ఇంజక్షన్ ఇవ్వలేదు" అని రాసి ఉంటే అది నీకే ఎదురు తిరుగుతుంది. టైము, ఊపిరి సంఖ్య, పిలిస్తే ఎలా పలికాడు, నిద్రమాత్ర సంగతి ఎవరు చెప్పారు, ఏ డాక్టరుకి ఎన్నింటికి ఫోన్ చేశావు, ఏమన్నారు, ఎత్తకపోతే ఎత్తలేదని కూడా రాయాలి. ఆంపూల్ విరగ్గొట్టాక ఆపాల్సి వస్తే, పారబోసినదానికి రెండో మనిషి సంతకం రిజిస్టరులో ఉండాలి.

ఇప్పుడు మామ్మగారు. పిలిస్తే పలికింది. ఊపిరి 14. ఈ రెండూ చూశాక ఆపడానికి ఆమె ఒంట్లో కారణమేదీ లేదు. ఆ రాత్రి మందు ఆపింది నీలో ఉన్న భయం. మొదటి రాత్రి ఆయన్ని కాపాడటానికి ఆపావు, ఈసారి నిన్ను కాపాడుకోవడానికి ఆపావు. డోసు ఆపబోయే ప్రతిసారీ ఒక్క క్షణం నిలబడి అడుగు, ఎవరి క్షేమం కోసం ఆపుతున్నాను అని. జవాబు నీకు తెలిసిపోతుంది.

క్యాన్సర్ నొప్పి, ఆపరేషన్ నొప్పి ఒకటి కాదు. ఆపరేషన్ నొప్పి రోజురోజుకీ తగ్గుతుంది. నోటి క్యాన్సర్ నొప్పి ఉమ్మి మింగినప్పుడల్లా, చెవి దాకా లాగుతూ, పగలూ రాత్రీ ఉంటుంది. లంక పొగాకు చుట్ట కాల్చే అలవాటున్న మన పల్లెల్లో ఈ జబ్బుతో వచ్చేవాళ్లు తక్కువేం కాదు. నొప్పి అలా ఆగకుండా ఉంటుంది కాబట్టే మామూలు మార్ఫిన్ మాత్రని నాలుగు గంటలకోసారి గడియారం చూసి ఇస్తారు, నొప్పి వచ్చాక అడిగితే ఇవ్వడం కాదు. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది ఇదే. అంతకుముందే లండన్‌లో సిసిలీ సాండర్స్ ఈ పద్ధతిని నిలబెట్టింది. ఆమె డాక్టరు కాకముందు మనలాగే నర్సు. ఒక డోసు తప్పితే నొప్పి మొదటికొస్తుంది, దాన్ని మళ్లీ అదుపులోకి తేవడానికి ముందుకంటే ఎక్కువ మందు కావాల్సి రావచ్చు. నువ్వు వరసగా రెండు తప్పించావు. పదింటి తర్వాత పొద్దుటి దాకా ఆమెకి సాయంత్రం వేసిన మాత్ర పని దాదాపు అయిపోయినట్టే.

మరి ఆ మత్తు? మార్ఫిన్ మొదలుపెట్టిన మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండటం మామూలే, తర్వాత తగ్గుతుంది. పైగా వారాల తరబడి నొప్పితో నిద్రలేని మనిషి, నొప్పి కాస్త తగ్గగానే బాకీపడ్డ నిద్ర తీర్చుకుంటుంది. లేపితే చక్కగా మాట్లాడి "కాస్త మంచినీళ్లియ్యమ్మా" అంటే అది నిద్ర. మాట తడబడుతూ, సంబంధం లేకుండా మాట్లాడుతూ, చేతులు ఉలికిపడుతున్నట్టు ఎగురుతుంటే, ఊపిరి 10కి దిగువకి వస్తుంటే అప్పుడు డాక్టరుకి చెప్పాలి. అలాంటప్పుడు మూత్రం ఎంత వస్తోంది, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత అనేది కూడా చూడాలి. కిడ్నీలు సరిగా పనిచెయ్యకపోతే మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో నిలిచిపోతాయి. అప్పుడు డోసు తగ్గించడమో, ఎడం పెంచడమో, వేరే మందుకి మార్చడమో డాక్టరు చేస్తారు. చెప్పాపెట్టకుండా ఆపడం మాత్రం ఏ లెక్కలోనూ లేదు. కొన్నాళ్లుగా వాడుతున్న మనిషికి ఒక్కసారి ఆపేస్తే నొప్పితోపాటు చెమటలు, విరేచనాలు, వణుకు కూడా మొదలవుతాయి.

మీ సీనియర్లు "అలవాటు పడిపోతుంది" అని కూడా అంటుంటారేమో. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చూసి ఇచ్చే మార్ఫిన్‌తో వ్యసనం అరుదు. మన దేశంలో ఈ భయానికి చట్టం కూడా తోడైంది. 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల గొడవకి జడిసి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. గసగసాల పంట వేసి, మార్ఫిన్‌కి మూలమైన నల్లమందు ఎగుమతి చేసే దేశంలో క్యాన్సర్ రోగులు మార్ఫిన్ దొరక్క అల్లాడారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్‌లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో సవరణ వచ్చి కాస్త దారి సులువైంది. అంత కష్టపడి వార్డు దాకా వచ్చిన మాత్ర, ఆఖరి నాలుగడుగుల దూరంలో మన చేతిలో ఆగిపోకూడదు.

ఉద్యోగం మానొద్దు. గొడవపడని కొడుకు మాట నిన్ను ఇంతగా పట్టుకుందంటే నువ్వు వార్డులో ఉండాల్సినదానివే. రేపు డ్యూటీకి వెళ్లగానే రెండు డోసులు పడలేదని ఆమె డాక్టరుకి చెప్పు. చెప్పకపోతే ఆ రాత్రి నొప్పి చూసి మందు చాలట్లేదని డోసు పెంచేసే ప్రమాదముంది. తర్వాత మామ్మగారి దగ్గరికెళ్లు. "మొన్న రాత్రి మాత్ర ఇవ్వాల్సింది, ఇవ్వలేదు మామ్మగారూ, ఇకమీదట టైముకి నేనే తెస్తాను" అని చెప్పు. కొడుకుతో కూడా అదే మాట. వాళ్లేమన్నా విను. విరేచనం అయ్యి ఎన్ని రోజులైందో కూడా అడుగు. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, దానికి రోజూ మందు ఉండాలి, చాలా కేస్ షీట్లలో అది రాయడమే మర్చిపోతారు.

ఇన్‌చార్జి సిస్టర్‌తో పోట్లాట వద్దు. ఆవిణ్ణీ డ్యూటీ డాక్టర్నీ కలిపి కూర్చోబెట్టి, మార్ఫిన్ ఉన్న ప్రతి పేషెంటుకీ ఒక కాగితం అడుగు. మత్తు స్కేలు, ఊపిరి ఎంతకి తగ్గితే ఆపాలి, ఎవరికి ఫోన్, ఆయన ఎత్తకపోతే తర్వాత ఎవరికి, ఆపిన డోసు బదులు ఏం ఇవ్వొచ్చు, ఎంతసేపటికి మళ్లీ చూడాలి. ఇవి ముందే డాక్టరు సంతకంతో ఉంటే రాత్రి నాలుగున్నరకి ఏ నర్సూ ఒంటరిగా భయపడాల్సిన పనిలేదు.

మామ్మగారిది లంక ఊరైతే డిశ్చార్జికి ముందే ఇంకో పని ఉంది. రాత్రి పడవ ఉండదు, మందుల షాపులో మార్ఫిన్ దొరకదు. మళ్లీ చూపించుకునే రోజు దాకా సరిపడా మాత్రలున్నాయో లేదో కొడుకు ముందే లెక్కపెట్టు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వెయ్యాల్సిన అదనపు డోసు డాక్టరుతో విడిగా రాయించు. పిల్లలకి అందకుండా తాళం పెట్టుకోమను. ఊపిరి ఎలా లెక్కపెట్టాలో అతని చేత ఒకసారి చేయించు, ఎంతకి దిగితే ఫోన్ చెయ్యాలో చెప్పు, కాగితం మీద రాత్రి ఎత్తే వార్డు నంబరు రాసివ్వు.